ప్యాచ్ టెస్ట్‌ను ఎంతవరకు నమ్మాలి?

వేళ్ల సందుల్లోనో, మెడ మీదో, కనురెప్పల చుట్టూనో దురద మొదలై, చర్మం ఎర్రబడి, రసి కారి, కొన్నాళ్లకు మందంగా నల్లబడిపోయే జబ్బుతో ఏళ్ల తరబడి తంటాలు పడేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఆయింట్‌మెంట్ రాసినన్నాళ్లు అణిగి ఉంటుంది, ఆపగానే మళ్లీ తలెత్తుతుంది. ఒంటికి తగిలే వస్తువుల్లో ఏదో పడటం లేదని రోగికీ తెలుసు, డాక్టరుకీ తెలుసు, అదేమిటన్నదే తేలదు. దాన్ని పట్టుకోవడానికి చేసే పరీక్ష ప్యాచ్ టెస్ట్. వీపు మీద పట్టీలు అంటించి, కొన్ని రోజులు పోయాక చేతికిచ్చే కాగితంలో ఇరవై చిల్లర పదార్థాల పేర్లుంటాయి, కొన్నింటి ఎదురుగా ప్లస్ గుర్తులుంటాయి. ప్లస్ పడినవన్నీ తన జబ్బుకు కారణాలేనని కొందరు హడలిపోతారు. ఒక్క ప్లస్ కూడా లేకపోతే తనకసలు ఎలర్జీయే లేదని మరికొందరు తేల్చేసుకుంటారు. పరీక్ష ఈ రెండు మాటల్లో ఏదీ చెప్పలేదు. కాంటాక్ట్ ఎలర్జీని కనిపెట్టడానికి ఇంతకంటే మంచి సాధనం ఇవాళ్టికీ వైద్యుల దగ్గర లేదన్నది నిజమే. అయితే అది ఎంత నమ్మదగిందన్నది ఎంత గట్టి అనుమానంతో ఆ పరీక్షకు వెళ్లాం, వీపును ఎవరు ఎంత ఓపికగా చూశారు, వచ్చిన ఫలితాన్ని రోగి రోజువారీ జీవితంతో ఎలా సరిచూశారు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఎలర్జీ అనగానే మనకు గుర్తొచ్చేవి తిన్న కాసేపటికే లేచే దద్దుర్లు, తుమ్ములు, ఆయాసం. అవి రక్తంలోని ఐజీఈ అనే ప్రతిరక్షకాల పని. కాంటాక్ట్ ఎలర్జీ దారి వేరు. నికెల్, క్రోమియం, తలరంగులో వాడే పారాఫినైలిన్‌డయమీన్ (దాన్ని డాక్టర్లు పీపీడీ అంటారు) లాంటివి చాలా చిన్న అణువులు. 500 డాల్టన్లలోపు బరువున్నవి చర్మం పైపొరను దాటి లోపలికి పోగలవు. అక్కడ అవి ఒంట్లోని ప్రోటీన్లకు అతుక్కుంటాయి. చర్మంలో ఉండే లాంగర్‌హాన్స్ కణాలు వాటిని లింఫు గ్రంథులకు మోసుకుపోయి టీ కణాలకు చూపిస్తాయి. ఒకసారి గుర్తుపట్టిన టీ కణాలు ఆ పదార్థం ఏళ్ల తరువాత తగిలినా ఊరుకోవు. కాకపోతే కూడగట్టుకుని రావడానికి వాటికి రెండు మూడు రోజులు, ఒక్కోసారి వారం పడుతుంది. అందుకే ఐజీఈ రక్తపరీక్షలూ, చేతి మీద సూదితో గుచ్చి పావుగంటలో చూసే పరీక్షలూ ఈ జబ్బు విషయంలో ఏమీ చెప్పలేవు. చేతుల ఎగ్జిమాకు కారణం వెతుకుతూ వేలకు వేలు పోసి రక్తపరీక్షల ప్యాకేజీలు చేయించుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి తెలిస్తే ఆ డబ్బు మిగుల్చుకుంటారు. 1895లో యోసెఫ్ యాదసోన్ అనే చర్మవైద్యుడు, పాదరసం మందు పడని రోగుల చర్మానికి ఆ పాదరసాన్నే కాస్త అంటించి, వాళ్ల జబ్బును చిన్న జాగాలో మళ్లీ పుట్టించి చూపాడు. ఇప్పటికీ ఆలోచన అదే. అనుమానమున్న పదార్థాలను నిర్ణీత పాళ్లలో, ఎక్కువగా వ్యాజిలిన్‌లో కలిపి, చిన్న చిన్న గిన్నెల్లాంటి బిళ్లల్లో పెట్టి, వీపు పైభాగాన 48 గంటలు అంటించి ఉంచుతారు.

ఇక అసలు ప్రశ్న. ఎలర్జీ నిజంగా ఉన్నవాళ్లను పట్టుకోవడంలోనూ, లేనివాళ్లను లేదని చెప్పడంలోనూ ఈ పరీక్ష 70 నుంచి 80 శాతం సరిగా పనిచేస్తుందని వైద్య గ్రంథాల్లో తరచూ కనిపించే అంచనా. ఈ అంచనాకే ఒక ఇబ్బంది ఉంది. ఒక పరీక్షను తూచాలంటే దానికంటే నమ్మకమైన ఇంకో పరీక్ష ఉండాలి. కాంటాక్ట్ ఎలర్జీకి అలాంటిది లేదు, ప్యాచ్ టెస్టే అన్నిటికంటే పై పరీక్ష. కాబట్టి ఈ శాతాలను సుమారు లెక్కలుగానే తీసుకోవాలి. అయినా వాటితో చిన్న లెక్క వేసి చూస్తే అసలు విషయం బయటపడుతుంది. రెండు వైపులా 80 శాతమే అనుకుందాం. ఏదో ఒక పదార్థం పడనివాళ్లు నూటికి పదిమంది ఉన్న గుంపును పరీక్షిస్తే ఆ పదిమందిలో ఎనిమిది మందికి ప్లస్ వస్తుంది. మిగతా తొంభై మందిలో పద్దెనిమిది మందికి తప్పుడు ప్లస్ వస్తుంది. మొత్తం ఇరవై ఆరు ప్లస్‌లలో నిజమైనవి ఎనిమిదే, అంటే మూడో వంతు కూడా లేవు. అదే పరీక్షను, ఆ పదార్థం మీదే గట్టి అనుమానమున్న, నూటికి అరవై మందికి నిజంగా పడని గుంపులో చేద్దాం. అప్పుడు నిజమైన ప్లస్‌లు నలభై ఎనిమిది, తప్పుడువి ఎనిమిది. ప్లస్ వచ్చినవాళ్లలో ఏడుగురిలో ఆరుగురు నిజంగానే ఎలర్జీ ఉన్నవాళ్లు. పట్టీ అదే, మందు అదే, డాక్టరు అదే. మారింది పరీక్షకు ముందున్న అనుమానపు బలం ఒక్కటే. 2000 సంవత్సరంలో డీప్‌గెన్, కూన్‌రాడ్స్ అనే ఇద్దరు పరిశోధకులు ‘కాంటాక్ట్ డెర్మటైటిస్’ పత్రికలో సరిగ్గా ఈ ప్రశ్నే లేవనెత్తారు: ఎక్కువమందిని పరీక్షించేకొద్దీ ఎక్కువ ఎలర్జీలు ‘దొరుకుతూ’ పోతాయా అని.

ఈ లెక్కకు రెండో వైపు కూడా ఉంది, దాన్ని సాధారణంగా ఎవరూ చెప్పరు. గట్టి అనుమానమున్న ఆ రెండో గుంపులో నెగటివ్ వచ్చింది నలభై నాలుగు మందికి. వాళ్లలో పన్నెండు మంది నిజానికి ఎలర్జీ ఉన్నవాళ్లే. అంటే లక్షణాలన్నీ ఒక వస్తువు వైపే వేలు చూపిస్తున్నప్పుడు ఒక్క నెగటివ్ ఫలితం చూసి ఆ అనుమానాన్ని కొట్టిపారేయకూడదు. మళ్లీ అడగాలి, మళ్లీ చూడాలి, అవసరమైతే ఇంకో పాళ్లలో పరీక్షించాలి.

మరి అనుమానం ఎక్కడ పుడుతుంది? జబ్బు ఎక్కడ మొదలైంది, ఎప్పుడు పెరుగుతుంది, ఆ మనిషి చేసే పని ఏమిటి అని అడగడంలో పుడుతుంది. హవాయి చెప్పుల వార్లు తగిలే మేరకే పాదం మీద మచ్చ పడితే ఆ రబ్బరు తయారీలో వాడే రసాయనాలను అనుమానించాలి. వంటింట్లో వెల్లుల్లి ఒలిచేటప్పుడు రెబ్బను పట్టుకునే చేతి బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు కొసలు మాత్రమే పగిలి మంట పుడితే వెల్లుల్లిలోని డయల్లైల్ డైసల్ఫైడ్ మీదికి చూపు పోవాలి. తాపీ పనివాళ్ల చేతులు పగిలితే సిమెంటులోని క్రోమియం, ఇమిటేషన్ నగ తగిలినచోట దురద పెడితే నికెల్. పొలం పనికి పోయేవాళ్లకు కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు మందం కట్టి నల్లబడితే వయ్యారిభామ. 1955లో పుణెలో నమోదైన ఆ కలుపు మొక్క ఇప్పుడు మన గట్లన్నింటి మీదా ఉంది. దాని ధూళి గాల్లో వచ్చి తగిలినా చాలు. వయ్యారిభామ పడనివాళ్లలో కొందరికి అదే కుటుంబానికి చెందిన చామంతి కూడా పడదు, కాబట్టి పొలం మానేసి పూల దుకాణం పెట్టుకున్నా జబ్బు తగ్గకపోవచ్చు. ఇక్కడ ఏ పట్టీ వాడుతున్నారన్నది కూడా ముఖ్యమే. అమెరికాలో అమ్మే ట్రూ టెస్ట్ అనే రెడీమేడ్ పట్టీల్లో వయ్యారిభామ లేదు. మన దేశపు అవసరాలకు కూర్చిన ఇండియన్ స్టాండర్డ్ సిరీస్‌లో ఉంది. అడగని ప్రశ్నకు జవాబు రాదు. పట్టీలో లేని పదార్థానికి నెగటివ్ అనే మాటే వర్తించదు.

సరైన పదార్థాన్నే పెట్టినా దాన్ని చర్మం దాచేసే సందర్భాలున్నాయి. వీపుకు అంతకుముందు వారంలో స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాసినా, ప్రెడ్నిసోలోన్ లాంటి మాత్రలు ఎక్కువ మోతాదులో వాడుతున్నా, చొక్కా లేకుండా ఎండలో పనిచేసి వీపు కమిలినా టీ కణాల స్పందన అణిగిపోతుంది. మన ఎండాకాలంలో చెమటకు పట్టీలు ఊడిపోవడం మామూలే. ఊడిన పట్టీని మళ్లీ అతికించుకుని ఆ సంగతి డాక్టరుకు చెప్పకపోతే ఆ గిన్నెలో పదార్థం చర్మానికి తగిలిందో లేదో ఎవరికీ తెలియదు. సీసాల్లో, సిరంజీల్లో వచ్చే ఆ పదార్థాలను ఫ్రిజ్‌లో ఉంచకపోతే, ముఖ్యంగా సువాసన ద్రవ్యాల్లాంటి ఆవిరైపోయేవి బలహీనపడతాయి. ఇవన్నీ చిన్న విషయాల్లా అనిపిస్తాయి కానీ, తప్పుడు నెగటివ్‌లు చాలామటుకు ఇలాంటి చోట్లే పుడతాయి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది తొందర. 48 గంటలకు పట్టీ తీసి, కాసేపు ఆగి ఒకసారి చూసి, ‘అయిపోయింది’ అని పంపేసే చోట్లు ఉన్నాయి. అప్పటికి కనిపించే ఎరుపులో కొంత పట్టీ ఒరిపిడి వల్లా, పదార్థం ఘాటు వల్లా వచ్చినదే. అది రెండు రోజుల్లో వాడిపోతుంది. అసలైన ఎలర్జీ మాత్రం మూడు, నాలుగో రోజుకు బలపడుతుంది. నియోమైసిన్, స్టెరాయిడ్ మందులు, కొన్ని లోహాల విషయంలో ఏడో రోజుకు గానీ బయటపడదు. ఏడో రోజు చూడకపోతే 7 నుంచి 30 శాతం దాకా ఎలర్జీలు తప్పిపోతాయని యూరప్ నిపుణుల సంఘం 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. చూసే కన్ను సంగతి ఇంకొకటి. గ్రేడింగ్ సూత్రాలన్నీ ఎరుపును ఆధారం చేసుకుని రాసినవి. లేత ఎరుపు మాత్రమే ఉంటే సందేహం, ఎరుపుతో పాటు గట్టిదనం ఉంటే ఒక ప్లస్, నీటి పొక్కులు కూడా లేస్తే రెండు, పొక్కులు కలిసిపోయి బొబ్బ కడితే మూడు. నల్లని, చామనచాయ చర్మం మీద ఎరుపు సరిగా కనిపించదు. అందుకే వేలితో తడిమి చూడాలి, పక్కనుంచి వెలుతురు పడేలా నిలబెట్టి చూడాలి. మన ఒళ్లను చూడాల్సిన పద్ధతి ఇదే. సెల్‌ఫోన్‌లో తీసి పంపిన ఫొటోతో ఈ తడిమి చూడటం కుదరదు.

తప్పుడు ప్లస్‌ల కథ కొంత వేరు. కోబాల్ట్, సువాసన మిశ్రమాల వంటి కొన్ని పదార్థాలు ఎలర్జీ లేకపోయినా చర్మాన్ని రేపుతాయి. జబ్బు ఒంటినిండా మండుతున్నప్పుడు పరీక్ష చేస్తే, లేదా ఒక గిన్నె కింద పెద్ద బొబ్బ లేస్తే, ఆ వేడికి పక్కనున్నవి కూడా ఎర్రబడతాయి. దీన్ని వైద్యులు ‘కోపంగా ఉన్న వీపు’ అంటారు. అప్పుడు జబ్బు చల్లబడ్డాక అనుమానమున్నవాటిని ఒక్కొక్కటిగా మళ్లీ పెట్టి చూడాలి. వీటన్నింటికంటే ప్రమాదం ఇంట్లోంచి తెచ్చిన వస్తువును ఉన్నదున్నట్టు అంటించడం. పచ్చి వెల్లుల్లి రెబ్బను కట్టుకట్టి ఉంచితే ఎలర్జీ ఉన్నా లేకపోయినా చర్మం కాలి బొబ్బ లేస్తుంది. అందుకే వెల్లుల్లి రసాయనాన్ని ఒక శాతానికి పలుచన చేసి పరీక్షిస్తారు. బట్టల సబ్బు, ఫినాయిల్ లాంటివాటిని అసలు అలా అంటించనే కూడదు.

ఇక ప్లస్ నిజమైనదే అనుకుందాం. అయినా అది జబ్బుకు కారణమని అప్పుడే అనడానికి లేదు. ప్లస్ చెప్పేది ఒకటే: ఈ ఒళ్లు ఎప్పుడో ఈ పదార్థాన్ని గుర్తుపట్టింది అని. థయోమెర్సాల్ దీనికి మంచి ఉదాహరణ. చాలా టీకాల్లో నిల్వకు వాడే ఈ పదార్థానికి ప్లస్ వచ్చేవాళ్లు చాలామంది ఉండేవాళ్లు, కానీ వాళ్ల చర్మవ్యాధికీ దానికీ సంబంధం కనిపించేది కాదు. టీకా వేయించుకున్నా దాదాపు అందరికీ ఏమీ అయ్యేది కాదు. చివరికి అమెరికా కాంటాక్ట్ డెర్మటైటిస్ సంఘం 2002లో దాన్ని ‘ఆ ఏటి ఎలర్జీ కాని ఎలర్జీ పదార్థం’గా ప్రకటించింది. ఆ ప్లస్‌ను చూసి పిల్లలకు టీకా మాన్పించడం పెద్ద తప్పు అవుతుంది. నికెల్‌కు ప్లస్ వచ్చిందని మోకీలు మార్పిడికి భయపడేవాళ్ల సంగతీ ఇలాంటిదే. నగ తగిలితే దురద పెట్టే ఎంతోమంది అదే లోహమున్న కీలుతో హాయిగా నడుస్తున్నారు. దీనికి తిరగేసిన ఉదాహరణ స్టిక్కర్ బొట్టు. దాని జిగురులో ఉండే ఒక ఫార్మాల్డిహైడ్ రెసిన్ కొందరికి దురదతో ఎలర్జీ తెస్తుంది, అది పరీక్షలో దొరుకుతుంది. అదే జిగురు కొందరికి ఎలర్జీ లేకుండానే రంగు కణాలను చంపి నుదుట తెల్లమచ్చ వేస్తుంది. అలా తెల్లమచ్చ పడిన ఇల్లాలికి ప్యాచ్ టెస్ట్ నెగటివ్ రావచ్చు, అయినా బొట్టుబిళ్ల మానేయాల్సిందే.

ఇన్ని లొసుగులున్న పరీక్ష ఎందుకు, అనుమానమున్నవన్నీ మానేస్తే సరిపోదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ మానేయడానికి పేరు తెలియాలి. మిథైల్‌ఐసోథయాజోలినోన్ అనే నిల్వ రసాయనం క్రీముల్లో, షాంపూల్లో, తడి టిష్యూల్లో, గోడ రంగుల్లో ఉంటుంది. ఒక క్రీమ్ మానేసి ఇంకో క్రీమ్ కొన్న మనిషి అదే రసాయనాన్ని మళ్లీ రాసుకుంటున్నాడు. ఆ రసాయనం కథే ఈ పరీక్ష విలువకు గట్టి సాక్ష్యం. యూరప్‌లో 2005లో దాన్ని సౌందర్య సాధనాల్లో విడిగా వాడనిచ్చారు. కొన్నేళ్లకే ప్యాచ్ టెస్ట్ క్లినిక్‌లలో దానికి ప్లస్ వచ్చేవాళ్లు దేశం తరువాత దేశంలో పెరిగిపోయారు. ఆ క్లినిక్‌ల లెక్కలు చూపించే 2017లో, రాసి కడిగేయని క్రీముల్లో దాన్ని నిషేధించారు. డెన్మార్క్‌లో 1981 నుంచి సిమెంటులో ఫెర్రస్ సల్ఫేట్ కలిపి క్రోమియాన్ని అణిచాక, కట్టడ పనివాళ్లలో క్రోమియం ఎలర్జీ తగ్గింది. నగల్లో నికెల్ మీద చట్టం వచ్చాక అక్కడి యువతుల్లో నికెల్ ఎలర్జీ తగ్గింది. ఈ తగ్గుదలలన్నీ కనిపెట్టింది వీపు మీది పట్టీలే. పరీక్ష ఉత్త గుడ్డిదైతే చట్టానికి అనుగుణంగా దాని అంకెలు ఇలా పెరగవు, తగ్గవు. ఒక్కొక్క మనిషి విషయంలో తడబడవచ్చు కానీ, వేలమందిని కలిపి చూసినప్పుడు అది నిజాన్నే పట్టుకుంటోంది.

హెయిర్ డై ప్యాకెట్ మీద రాసినట్టు చెవి వెనక చుక్క పెట్టుకుని 48 గంటలు చూస్తే చాలదా అనేది ఇంకో ప్రశ్న. దురద పెడితే ఆ రంగు జోలికి పోకూడదు, అంతవరకు అది మంచి హెచ్చరికే. ఏమీ కాకపోతే మాత్రం ఎలర్జీ లేదని అర్థం కాదు. ఇదివరకే తలరంగుకు గానీ, పీపీడీ కలిపిన నల్ల మెహందీకి గానీ ముఖం వాచినవాళ్లు ఇంట్లో ఇలాంటి ప్రయోగాలు అసలు చేయకూడదు. ఇంట్లో చేసుకోదగిన పరీక్ష ఒకటి ఉంది, అదీ డాక్టరు చెప్పాకే: రాసుకుని కడిగేయకుండా ఉంచుకునే క్రీమ్ లాంటిదాన్ని మోచేతి లోపలి వైపు ఒకే చోట రోజుకు రెండుసార్లు, వారం నుంచి రెండు వారాలు రాసి చూడటం. ప్లస్ వచ్చిన పదార్థం ఆ క్రీములో ఉంటే, అక్కడ చర్మం రేగితే అప్పుడు ప్లస్‌కూ జబ్బుకూ లంకె కుదిరినట్టు.

కాబట్టి పరీక్షకు వెళ్లేవాళ్లు ఒంటికి వాడేవన్నీ, వాటి అట్టపెట్టెలతో సహా, పట్టుకెళ్లండి. చేసే పని ఏమిటో, ఏ రోజుల్లో జబ్బు పెరుగుతుందో దాచకుండా చెప్పండి. వేసుకునే మాత్రల చీటీ చూపించండి. ఏడో రోజు రమ్మని డాక్టరు చెప్పకపోతే మీరే అడగండి, కూలి పోయినా ఆ రోజు వెళ్లండి. ప్లస్ వచ్చిన ప్రతి పదార్థానికీ అది ఏయే వస్తువుల్లో, ఏయే పేర్లతో ఉంటుందో తెలుగులో రాయించుకోండి. వాటిని మానేసి ఆరు నుంచి ఎనిమిది వారాలు చూడండి. అప్పటికీ చర్మం ఏమాత్రం తేరుకోకపోతే ఆ కాగితం పట్టుకుని మళ్లీ అదే డాక్టరు దగ్గరికి వెళ్లండి, వెతుకులాట ఇంకా పూర్తి కాలేదు.